దుర్భిణిలోని గీతలు - దూరపు గురికి ఏవి తగినవి?



కాలువ తవ్వేచోట, రోడ్డు వేసేచోట మూడుకాళ్ల స్టాండు మీద దుర్భిణి బిగించి సర్వేయరు చూస్తూ ఉండటం మీకు తెలిసిన దృశ్యమే. ఎదురుగా ఇంకొకరు అంకెలు వేసిన పొడవాటి కర్ర పట్టుకుని నిలబడతారు. ఆ దుర్భిణిలో ఒక నిలువుగీత, ఒక అడ్డగీత, ఆ అడ్డగీతకు పైనా కిందా రెండు పొట్టిగీతలు ఉంటాయి. పై పొట్టిగీతకూ కింది పొట్టిగీతకూ నడుమ కర్ర ఎంత మేర కనబడితే, దూరం దానికి నూరు రెట్లు. అర మీటరు కనబడిందంటే కర్ర 50 మీటర్ల దూరంలో ఉన్నట్టు. నేల మీద టేపు పరవకుండానే దూరం తెలిసిపోయింది.

ఈనాటి మన ప్రసంగం తుపాకి మీది దుర్భిణి గురించి. అందులోనూ ఇలాంటి గీతలే ఉంటాయి. వాటిని రెటికిల్ అంటారు. హోసూరు నుంచి బళ్లారి దాకా, బరంపురం నుంచి నాందేడు దాకా మన తెలుగు కుటుంబాల పిల్లలు సైన్యంలో ఉన్నారు, ఎన్.సి.సి.లో ఉన్నారు, రైఫిల్ క్లబ్బుల్లో గురి నేర్చుకుంటున్నారు. ఒకే రైఫిలుతో దగ్గరా దూరమూ కాల్చవలసినప్పుడు ఎలాంటి గీతలు ఎంచుకోవాలి అన్నది వాళ్లకు తరచూ వచ్చే సందేహం. దుకాణంలో చూస్తే రకాలు డజన్ల కొద్దీ ఉంటాయి. కొన్నింటిలో రెండే గీతలు, కొన్నింటిలో ముగ్గువేసినట్టు నిండా చుక్కలు. ఏది మంచిది?

ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. రెటికిల్ అలంకారం కాదు, అది కొలబద్ద. మీరు కొలవవలసింది ఏమిటో తెలిస్తే, ఏ కొలబద్ద కావాలో తెలుస్తుంది.

ఈ గీతల కథ పాతదే. విలియం గాస్కాయిన్ అనే ఇంగ్లీషు ఖగోళ పరిశీలకుడు 1640 ప్రాంతంలో తన దుర్భిణిలో సాలీడు దారం కట్టి ఉండటం చూశాడని చెబుతారు. ఆకాశమూ, ఆ దారమూ రెండూ స్పష్టంగా ఒకేసారి కనిపించాయట. అక్కడి నుంచి పుట్టింది గురిగీత. తర్వాత చాలాకాలం సాలీడు దారాన్నే వాడారు. పిమ్మట సన్నని తీగలు వచ్చాయి. ఇప్పుడు గాజు మీదనే గీతలు చెక్కుతారు. గాజు మీద ఎన్ని గుర్తులైనా వేయవచ్చు గనుకనే ఇన్ని రకాలు వచ్చాయి.

ఇక కొలత సంగతి. దీనికి రెండు లెక్కలున్నాయి. ఒకటి మిల్. దూరంలో వెయ్యోవంతు ఒక మిల్. 100 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల వద్ద ఒక మీటరు. రెండోది కోణపు నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. అది 100 మీటర్ల వద్ద సుమారు 2.9 సెంటీమీటర్లు. ఒక మిల్‌కు దాదాపు మూడున్నర నిమిషాలు. రెండిట్లో ఏదైనా మంచిదే. మీటర్లలో ఆలోచించే మనకు మిల్ సులువు.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. దుర్భిణికి పైనా పక్కనా గురి సరిచేసే మరలుంటాయి. కొన్నింటిలో లోపలి గీతలు మిల్ లెక్కలో, పై మరలు నిమిషాల లెక్కలో ఉంటాయి. తూటా 2 మిల్ కిందికి పడిందని గీతల్లో చూశారనుకోండి. మర ఒక్క క్లిక్కుకు మిల్‌లో పదోవంతు కదిలేదైతే 20 క్లిక్కులు తిప్పితే చాలు. అదే క్లిక్కుకు పావు నిమిషం కదిలే మర అయితే 27 లేదా 28 క్లిక్కులు తిప్పాలి. తొందరలో ఈ లెక్క ఎవరు చేస్తారు? అమెరికా అంగారక గ్రహానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక 1999లో పోయింది ఇలాంటి పొరపాటుతోనే. ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెను మరో బృందం మెట్రిక్ లెక్క అనుకుంది. కనుక మొదటి నియమం: లోపలి గీతా, పైన మరా ఒకే లెక్కలో ఉండాలి.

రెండోది, గీతలు ఎక్కడ చెక్కారన్నది. పెద్దదిగా, చిన్నదిగా చూపే దుర్భిణుల్లో గీతలు ముందు తలంలోనైనా ఉంటాయి, వెనుక తలంలోనైనా ఉంటాయి. వెనుక తలంలో ఉంటే బొమ్మ పెరిగినా గీతలు పెరగవు. అప్పుడు వాటి కొలత ఒక్క శక్తి వద్దనే నిజం, సాధారణంగా అన్నిటికన్నా పెద్ద శక్తి వద్ద. శక్తిని సగానికి తగ్గిస్తే ఒక మిల్ అని రాసిన గుర్తు రెండు మిల్లుల మేర చూపుతుంది. ఇది మరచిపోయి కాలిస్తే తూటా ఎక్కడికో పోతుంది. ముందు తలంలో ఉంటే బొమ్మతోపాటే గీతలూ పెరుగుతాయి, తగ్గుతాయి. కొలత ఎప్పుడూ నిజమే. దాని లోపం ఒక్కటే, శక్తి తగ్గించినప్పుడు గీతలు వెంట్రుకల్లా సన్నబడి, నీడలో అసలు కనబడకపోవచ్చు.

ఇప్పుడు మీ పని ఏమిటో చూసుకోండి. దూరం ముందే తెలిసిన కాగితపు గురిని నిదానంగా కాల్చే పోటీలున్నాయి. ఎఫ్-క్లాస్ అలాంటిది. దానికి సన్నని గీతలు, నడుమ చిన్న చుక్క చాలు. మరలు తిప్పుకోవడానికి వ్యవధి ఉంటుంది. గీత ఎంత సన్నమైతే గురి అంత తక్కువ మూసుకుంటుంది. మిల్‌లో ఐదోవంతు లావున్న చుక్క 500 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్ల చోటును కప్పేస్తుంది. ఒలింపిక్స్ రైఫిల్ పోటీలకు మాత్రం ఈ చర్చే లేదు, అక్కడ దుర్భిణి నిషిద్ధం.

పొద్దుగూకే వేళ, చెట్లనీడన, దగ్గరలో చూడవలసి వస్తే సన్నగీత పనికిరాదు. అంచుల నుంచి లావుగా వచ్చి నడుమ సన్నబడే గీతలు కావాలి. కంటిని అవే మధ్యకు నడిపిస్తాయి.

దూరం తెలియని గురులను, ఒకదాని తర్వాత ఒకటి, తక్కువ వ్యవధిలో కొట్టవలసి వస్తే మిల్ గుర్తులు కావాలి. సాధారణ 7.62 మిల్లీమీటర్ల తూటాకు గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి తగిలితే, 500 మీటర్లు పోయేసరికి అది అర మీటరుకు పైగా పక్కకు జరుగుతుంది. గాలి మీ మర కోసం ఆగదు. గీతల మీదనే పక్కకు పట్టి కాల్చాలి. మన సైన్యం వాడే ద్రగునోవ్ రైఫిలు మీది రష్యన్ దుర్భిణిలో దూరం చూసే వంకర గీత ఒకటి ఉంటుంది. 1.7 మీటర్ల ఎత్తు మనిషి పాదాలు అడుగుగీత మీద, తల ఆ వంకర గీతకు ఎక్కడ తగులుతుందో చూస్తే దూరం తెలుస్తుంది. లెక్క చేయనక్కరలేదు. కాని ఎత్తు 1.7 మీటర్లు కాకపోతే ఆ దూరమూ తప్పే.

మిల్ గుర్తులతో దూరం తీసే లెక్క కూడా సులువే. వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకుని, వెయ్యితో హెచ్చవేసి, కనబడిన మిల్లులతో భాగించాలి. అర మీటరు పలక ఒక మిల్ కనబడితే దూరం 500 మీటర్లు. అదే 0.9 మిల్ అయితే సుమారు 555 మీటర్లు. గమనించారా? చదవడంలో పదోవంతు తప్పు, దూరంలో 55 మీటర్ల తప్పు అయింది. ఆ పొరపాటుతో కాలిస్తే తూటా ఒక అడుగుకు పైగా కిందపడి, పలకకు తగలనే తగలదు. అందుకే అర మిల్ గుర్తుల కన్నా 0.2 మిల్ గుర్తులున్నవి మేలు. నిండా చుక్కల చెట్టులా ఉన్నవి పనికొస్తాయి గానీ, అలవాటు లేనివారి కంటికి తూటా పడినచోటే కనబడదు.

అన్ని పనులకూ ఒకటే కావాలంటే? ముందు తలంలో చెక్కిన మిల్ గీతలు, 0.2 మిల్ గుర్తులు, నడుమ చిన్న చుక్క, అంచున లావుపాటి గీతలు, మసక వెలుతురుకు మధ్యలో దీపం, మరలూ మిల్ లెక్కలోనే. ఇది రాజీ బేరమే. ఏ ఒక్క పనికీ అన్నిటికన్నా గొప్పది కాదు, ఏ పనికీ చెడ్డది కాదు. కొనేముందు సాయంత్రం వేళ అతి తక్కువ శక్తికి తిప్పి, నల్లని చెట్టు నేపథ్యంగా గీత కనబడుతుందో లేదో చూడండి. పగటివేళ దుకాణం దీపాల కింద అన్నీ బాగానే కనబడతాయి.

కొన్నాక గీతలను నమ్మవద్దు, పరీక్షించండి. ఫైరింగ్ రేంజిలో, తూటాలు తీసేసి, గది ఖాళీ అని కళ్లారా చూసి, సరిగ్గా 100 మీటర్ల దూరాన కొలతటేపు నిలువుగా వేలాడదీయండి. ఒక మిల్ 10 సెంటీమీటర్లను కప్పాలి. పది మిల్లులు మీటరును కప్పాలి. మరను తిప్పితే గీత కూడా టేపు మీద అంతే కదలాలి.

ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. గురి తప్పిన తూటా అక్కడితో ఆగదు. 7.62 తూటా మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. దాని దారిలో మేకలు కాసే పిల్లవాడు ఉండవచ్చు, కలుపుతీసే తల్లి ఉండవచ్చు. అందుకే వెనుక మట్టికట్ట లేనిచోట కాల్చనే కూడదు. దూరాన ఉన్నది ఎవరో చూడటానికి తుపాకి దుర్భిణి ఎత్తకూడదు. దుర్భిణి చూసినవైపే గొట్టమూ చూస్తుంది. చూడటానికి వేరే బైనాక్యులర్స్ వాడండి. ఇక 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంట మీద పడే జంతువు విషయంలోనూ అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేనిదే తుపాకి ఎత్తరాదు.

సర్వేయరు గీత తప్పితే ఒకరి పొలం గట్టు జరుగుతుంది. తుపాకి గీత తప్పితే ఒకరి ప్రాణమే పోవచ్చు. కాబట్టి మీకు అర్థమయ్యే గీతలు ఎంచుకోండి, వాటినే ఏళ్ల తరబడి సాధన చేయండి. కంటికి అలవడిన సాదాగీత, అర్థంకాని వంద చుక్కల కంటే మేలు.