పహాణీ ఇక కిటికీలో

కర్ణాటకలో పొలమున్న మన తెలుగువారికి పహాణీ సంగతి చెప్పనక్కరలేదు. పూర్వము ఆ పుస్తకములు గ్రామ లెక్కిగుని చేతిలో ఉండెడివి. ఆయన దొరికిననాడే నకలు; అదియు ఒక్కొక్కచోట చేయి తడిపిన పిదపనే!

2000 ప్రాంతమున ‘భూమి’ పథకము సుమారు రెండు కోట్ల పహాణీలను కంప్యూటరు కెక్కించినది. మొదట్లో తాలూకా కచేరీ కిటికీలో 15 రూపాయలకు నకలు ఇచ్చిరి. ఖాతా మార్పు అర్జీలను వచ్చిన వరుసలోనే చూడవలెనని నియమము పెట్టిరి. కచేరీ వ్రాతపని తెలిసిన మాకు నకలుకంటె ఈ వరుసయే ఘనముగా తోచినది. వెనుక కాగితము ముందుకు దూకుట అంత సులభము కాదు గదా!

ఇప్పుడు సర్వే నంబరుతో ఇంటనుండియే పహాణీ చూడవచ్చును. కాని తాతగారి పేరే ఇంకను నిలిచియున్నచో కంప్యూటరు తనంతట మార్చదు. పైగా అది కన్నడములో ఉండును. బడికి పోని మన పెద్దలకు పిల్లలు ఈ సెలవులలో ఒకసారి చదివి వినిపింతురా?