ఇంటి మాటతో బడి తొలిమెట్టు

హైదరాబాద్: అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలు రాష్ట్ర రాజధాని నడిబొడ్డున గలవు. మైత్రీవనం పరిసరాల్లోని కంప్యూటర్ శిక్షణ సంస్థల మూలంగా అమీర్‌పేట పేరు దేశమంతటా సుపరిచితం. అయితే ఈ రద్దీ వెనుక గల గల్లీలలో దక్కనీ ఉర్దూ, తెలుగు, లంబాడీ, హిందీ మాటలు పక్కపక్క వాకిళ్ల నుండి వినవస్తాయి. ఆ ఇళ్లలోని మూడేళ్ల పసివాడు అంగన్‌వాడీ కేంద్రంలో తొలిసారి అడుగుపెట్టినపుడు అక్కడి మాట అతనికి అర్థమగునా అన్నది అధికార యంత్రాంగం తేలికగా తీసుకోదగిన ప్రశ్న కాదు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో ప్రారంభమైంది. పౌష్టికాహారం, టీకాలతోపాటు 3 నుండి 6 సంవత్సరాల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందించడం అందులో ఒక ప్రధాన సేవ. ఆహారానికి భాష అడ్డురాదు. ఆట, పాట, కథలకు మాత్రం భాషే ఆధారం. టీచరు తెలుగులో కథ చెబుతుండగా ఉర్దూ ఇంటి పిల్లవాడు మౌనంగా కూర్చుంటే, అతడు మందకొడి అని పొరబడే ప్రమాదం ఉంది. అదే పిల్లవాడు ఇంటికి వెళ్లి అమ్మమ్మతో గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు.

ఇక్కడ మరొక చిక్కు కలదు. హైదరాబాదీల ఇళ్లలో వినిపించే దక్కనీ, పాఠ్యపుస్తకాల ఉర్దూ ఒకటి కావు. వద్దు అనడానికి ‘నక్కో’, అవును అనడానికి ‘హౌ’, ఎందుకు అనడానికి ‘కైకు’ అనే బిడ్డకు పుస్తక భాష కూడా కొంత కొత్తే. కావున మాతృభాష అంటే ఇంటిలో పలికే మాట అని గ్రహించడం అవసరం. లంబాడీకి విస్తృత ప్రచారంలో ఉన్న సొంత లిపి లేదన్న అభ్యంతరం ఈ దశకు వర్తించదు. నాలుగేళ్ల బిడ్డకు కావలసింది అక్షరం కాదు, సంభాషణ.

ఈ విషయంలో తెలుగువారికి అనుభవం లేకపోలేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వశిక్షా అభియాన్ కింద గోండి, కోయ, కోలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల పిల్లలకు తెలుగు లిపిలోనే ఇంటి భాషలో తొలి పాఠాలు రూపొందించి, క్రమంగా వారిని తెలుగులోకి నడిపించారు. ఒకే భాష మాట్లాడే గూడెంలో అది సాధ్యమైంది. ఒకే కేంద్రంలో మూడు, నాలుగు భాషలు కలిసే పంజాగుట్ట వంటి చోట ఆ నమూనాను యథాతథంగా దించడం కుదరదు.

చరిత్రలో మరొక విశేషం గమనార్హం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా దేశానికి కొత్త దారి చూపింది. ఆ రోజుల్లో ఇదే నగరంలో సొంత భాషలో చదువు కోసం ఆరాటపడినవారు తెలుగువారే. మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు.

భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. అందులో పూర్వ ప్రాథమిక దశ ప్రస్తావన లేదు. ఆ వెలితిని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం కొంతవరకు పూరించింది. కేంద్రాలలో బిడ్డ ఇంటి భాషే ప్రధాన సంభాషణ భాషగా ఉండాలనీ, ప్రాంతీయ భాషను, ఆంగ్లాన్ని మౌఖికంగా పరిచయం చేయవచ్చనీ అది పేర్కొన్నది. 2020 జాతీయ విద్యా విధానం సైతం వీలైనచోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో బోధన కోరింది.

తల్లిదండ్రుల ఆకాంక్ష మాత్రం ఆంగ్లం వైపు ఉన్నది. అందులో తప్పు లేదు. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు, ద్విభాషా పాఠ్యపుస్తకాలు ముద్రించారు. ఇంటిలో లంబాడీ, వీధిలో తెలుగు వినే బిడ్డ 1వ తరగతిలో ఆంగ్లాన్ని ఎదుర్కొనవలసి ఉన్నందున అంతకుముందరి మూడేళ్లు మరింత విలువైనవి.

ఇందుకు భారీ వ్యయం అవసరం లేదు. పేరు నమోదు చేసే రోజునే బరువు, ఎత్తులతోపాటు బిడ్డ ఇంటి భాషను అడిగి రాసుకోవచ్చు. నీళ్లు, అన్నం, ఆకలి, నొప్పి, అమ్మ కావాలి వంటి మాటలను కేంద్రంలోని పిల్లలందరి భాషల్లో టీచరు నేర్చుకోవచ్చు. ఆయాకు ఉర్దూ గాని లంబాడీ గాని వస్తే కథ చెప్పే పని వారానికి రెండు రోజులు ఆమెకే అప్పగించవచ్చు. నానమ్మలను పిలిపించి పాటలు పాడించవచ్చు. ఒకే పాటను ముందు ఇంటి భాషలో, తరువాత తెలుగులో పాడిస్తే తెలుగు పిల్లలు కూడా పొరుగువారి మాట నేర్చుకుంటారు. పర్యవేక్షణకు వచ్చే సూపర్‌వైజర్ ఎంతమంది పిల్లలు హాజరయ్యారని అడగడంతోపాటు, ఆ రోజు నోరు విప్పని బిడ్డ ఎవరని కూడా విచారించవలసి ఉన్నది.