నల్లమల సంపద: తపసి బంక

కృష్ణానదికి దక్షిణముగా, కుందూ లోయకు తూర్పున నల్లమల కొండలు సుమారు 150 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నవి. ఇచట రాయి యెక్కువ, మన్ను తక్కువ. సేద్యమునకు అనువైన చోట్లు కొద్ది, ఊళ్లును పలుచన. అడవి నడుమ అక్కడక్కడ చెంచుల పెంటలు కానవచ్చును. ఇంతమాత్రముచే దీనిని నిష్ప్రయోజనమైన భూమి యనరాదు. గుండ్లకమ్మ ఇచటనే పుట్టి, కంభము చెరువును నింపి సముద్రమును చేరుచున్నది. తూర్పు దిగువనున్న మార్కాపురపు పలకలపై మనలో ఎందరో ఓనమాలు దిద్దితిమి.

వెదురు, తేనె పాఠకులెరిగినవే. తపసి బంకను గూర్చి మాత్రము కొంత చెప్పదలచితిమి. రాతి వాలులపై పెరుగు తపసి చెట్టుకు గాటు పెట్టినచో బంక స్రవించి గడ్డకట్టును. నీట వేసిన మిక్కిలి ఉబ్బును. ఔషధములందును, కట్టుడు పండ్లు జారకుండ నిలుపు పొడులందును దీనిని వాడుదురు. ఆ పండ్లు కట్టుకొన్న పట్టణవాసి చెంచు నెరుగడు!

చిక్కు గాటులోనే యున్నది. గొడ్డలితో చెక్కలోనికి నరికినచో తొలుత బంక విరివిగా వచ్చును గాని, గాయము కుళ్లి, పురుగుపట్టి చెట్టు కూలును. పెక్కు చెట్లు ఇట్లే పోయినవి. బెరడు మందమున చిన్న గాటు పెట్టి, కొలది దినములకొకమారు దానిని సన్నగా పైకి పెంచుచు పోయినచో బంకయు దొరకును, గాయమును మానును. అయితే ఇందుకు ఓర్పు కావలెను. రేపటి గింజలకు అప్పుపడినవాడు గొడ్డలినే ఎత్తును. కనుక 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటి కొనుగోలుదారులు తూకము, వెల సరిగా నిచ్చుట చెట్టుకును రక్షయే యని మా అభిప్రాయము. బెరడు తునకలు కలియని తెల్లని బంకకు మంచి ధర పలుకును. వానలు పడగానే గాట్లు పెట్టుట ఆపవలెను.