ఆ మచ్చ టీబీయేనా?

మూడు వారాలైనా దగ్గు తగ్గలేదు. అల్లం కషాయం అయింది, మందుల షాపు సిరప్పూ అయింది. చివరికి ఎక్స్‌రే తీయించి, ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఊపిరితిత్తి మీద తెల్లటి మచ్చ. ‘టీబీయేలే, మందులున్నాయిగా’ అని ఇంట్లోవాళ్లు కుదుటపడతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో చాలాసార్లు మన చేతిలోని కాలం జారిపోయేది ఇక్కడే. ఈ జబ్బు పరీక్షలు మారాయి, మందులు మారాయి. మన అపోహలూ మారాలి.

‘మచ్చ ఉంటే టీబీయే’

టీబీ మన దేశంలో ఎక్కువ. పైగా దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, కళ్లెలో నెత్తురు... రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. దాంతో టీబీ అని తేలకుండానే నెలల తరబడి ఆ మందులు వాడి, ఆలస్యంగా క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వచ్చేవారున్నారు. మందులు వేసుకుంటున్నా మచ్చ తగ్గకపోతే సీటీ స్కాన్, బయాప్సీ అవసరమేమో డాక్టరుని అడగాలి.

‘పొగ తాగనివాళ్లకి రాదు’

పొగాకే పెద్ద కారణం, సందేహం లేదు. కానీ కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వంట చేసిన అమ్మ పీల్చిందీ పొగే. ఇంట్లో ఇంకొకరు కాల్చే సిగరెట్ పొగా ముప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో వాయు కాలుష్యాన్ని కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కాబట్టి జబ్బు వచ్చిన మనిషిని ‘సిగరెట్లు తాగేవారా?’ అని నిలదీయకండి. తాగినవారైనా, తాగనివారైనా వాళ్లకి కావాల్సింది వైద్యం.

‘ఇప్పుడు మానేసి ఏం లాభం?’

బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. పొగ కొనసాగించినవారితో పోలిస్తే నలభై ఏళ్ల వయసులో మానేసినవారికి సుమారు 9 ఏళ్లు, యాభైలో మానేస్తే 6, అరవైలో మానేసినా 3 ఏళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. సిగరెట్ బదులు బీడీ కాలిస్తే మాత్రం మానేసినట్టు కాదు. తునికాకులో చుట్టినా అది పొగాకే.

‘సూది గుచ్చితే పాకుతుంది’

ఈ భయంతోనే బయాప్సీ వద్దనేవారు ఎందరో. సూది వల్ల క్యాన్సర్ పాకడం చాలా చాలా అరుదు. ముక్క తీసి పరీక్షిస్తేనే అది ఏ రకమో తెలుస్తుంది. ఈజీఎఫ్ఆర్ లాంటి జన్యువుల్లో మార్పు కనిపిస్తే, ముదిరిన జబ్బును సైతం చాలామందిలో రోజూ వేసుకునే మాత్రతో కొంతకాలం అదుపులో పెట్టగలుగుతున్నారు. సూదికి భయపడితే ఆ మాత్ర దాకా చేరలేం.

మీ ఇంట్లోనూ ఎవరిదో ఒక పాత ఎక్స్‌రే, కవరులో చుట్టి బీరువా మీద ఉందేమో. ఆ మనిషి దగ్గు ఇంకా తగ్గకపోతే, ఆ కవరు పట్టుకుని రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి.