చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది!

సాయంత్రం వేళ. చెరువు కట్ట మీద ఒక సైకిలు పక్కకు పడి ఉంది. చుట్టుపక్కల మనిషి జాడ లేదు. కాని సైకిలు ముందు చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇది చదవగానే మీకు ఏమనిపించింది? “ఎవరో ఇప్పుడే ఇక్కడ ఉన్నారు. ఇంతలో ఏమయ్యారు?” అనిపించింది కదూ! చూశారా, ‘ఇప్పుడే’ అన్న మాట నేను రాయలేదు. దాన్ని మీరే కనిపెట్టారు. ఎలా కనిపెట్టారు? తిరిగే చక్రాన్ని ఘర్షణ కొద్దిసేపట్లో ఆపేస్తుందని మీకు తెలుసు. ఇంకా ఆగలేదంటే, దాన్ని కదిలించిన మనిషి వెళ్లి ఎంతోసేపు కాలేదన్న మాట. ఎనిమిదో తరగతి పాఠం ఒక్క క్షణంలో మీ చేత పరిశోధన చేయించింది!

మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేటలో నేను సైన్సు చెప్పే తొమ్మిదో తరగతి పిల్లలు, బడి వార్షికోత్సవానికి ఒక ఉత్కంఠ చిత్రం తీస్తామని వచ్చారు. మొత్తం పదిహేను నిమిషాల చిత్రం. అందులో మొదటి 2 నిమిషాలకు ప్రణాళిక వేయడానికే మాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో మేము నేర్చుకున్నది మీకు చెబుతాను. అన్నట్టు, పిల్లలు మొదట తెచ్చిన దృశ్యం ఈ సైకిలు కాదు, వేరొకటి. దాన్ని ఎందుకు వదిలేశామో చివరలో చెబుతాను. అంతవరకు ఓపిక పట్టండి!

తెలిసేది కొంత, తెలియనిది కొంత

ఉత్కంఠ అంటే ఏమిటి? ఇంగ్లండులో పుట్టిన దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనికి మంచి ఉదాహరణ చెప్పేవాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలింది. చూసేవాడు ఉలిక్కిపడతాడు. కాని అది కొన్ని సెకన్ల పాటే. అదే బాంబును మనకు ముందుగానే చూపించారనుకోండి. అది ఎన్ని గంటలకు పేలుతుందో కూడా చెప్పారనుకోండి. ఆ ఇద్దరికీ సంగతి తెలియదు, తీరికగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు మనం పదిహేను నిమిషాల పాటు కుర్చీ అంచున కూర్చుంటాం! మొదటిది ఆశ్చర్యం, రెండోది ఉత్కంఠ.

1958లో వచ్చిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ అనే చిత్రాన్ని ఆర్సన్ వెల్స్ సరిగ్గా ఇలాగే ప్రారంభించాడు. ఒకడు కారు వెనుక పెట్టెలో బాంబు పెడతాడు. ఆ కారు జనం మధ్య నుంచి మెల్లగా సాగుతూ ఉంటే, కెమెరా ఎక్కడా ఆగకుండా మూడు నిమిషాలకు పైగా వెంట నడుస్తుంది.

1975 నాటి ‘జాస్’ చిత్రం ప్రారంభంలో సొరచేప అసలు కనబడదు. నీళ్లు కనబడతాయి. రెండే రెండు స్వరాలతో అల్లిన సంగీతం వినబడుతుంది. అంతే! ఆ చిత్రం కోసం తయారుచేసిన యంత్రపు సొరచేప సముద్రపు నీటిలో పదే పదే చెడిపోయేది. అందువల్ల దాన్ని తక్కువగా చూపించక తప్పలేదు. అదే చిత్రానికి మేలు చేసింది.

మన తెలుగులో వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985) తీసుకోండి. అడవిలో జరిగే చావులు పులి పనా, మనిషి పనా అన్న అనుమానమే కథను నడిపిస్తుంది. ఇది రెండు పరికల్పనల మధ్య పోటీ కాదూ!

మేము నల్లబల్ల మీద రెండు గడులు గీశాం. ఒక దానిలో ‘చూసేవారికి తెలిసేది’, రెండో దానిలో ‘తెలియనిది’. సైకిలు చక్రానికి ఎదురుగా మొదటి గడిలో ‘ఎవరో ఇప్పుడే ఇక్కడ ఉన్నారు’ అని రాశాం. రెండో గడిలో ‘ఎవరు? ఎందుకు? ఎక్కడికి?’ అని రాశాం. ఏ దృశ్యానికైనా ఒక గడి ఖాళీగా ఉంటే ఆ దృశ్యాన్ని కొట్టివేశాం.

లెక్క ముందు, కెమెరా తరువాత

‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి.రెడ్డిగారు చిత్రీకరణకు ముందే స్టాప్‌వాచ్ పెట్టుకొని, ఏ సన్నివేశం ఎంతసేపు ఉండాలో లెక్క కట్టేవారని ప్రసిద్ధి. ఎందుకంటే అప్పుడు ఫిల్ము ఖరీదైన వస్తువు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక అడుగుకు 16 చిత్రాలు పడతాయి. సెకనుకు 24 చిత్రాలు కావాలి. అంటే నిమిషానికి 90 అడుగులు. మా 2 నిమిషాలకు 180 అడుగులు అన్న మాట. ఇప్పుడు ఫోనుకు ఫిల్ము అక్కరలేదు. కాని చూసేవారి ఓపిక మాత్రం ఇప్పటికీ ఖరీదైనదే!

మా లెక్క ఇలా తేలింది:

1. ఖాళీగా ఉన్న చెరువు కట్ట, దూరం నుంచి – 20 సెకన్లు
2. చీకటి తెర, గిలక కిర్రుమన్న చప్పుడు మాత్రమే – 10 సెకన్లు
3. తిరుగుతున్న సైకిలు చక్రం – 15 సెకన్లు
4. కింద పడిన బడి సంచి, గాలికి రెపరెపలాడే నోటుపుస్తకం – 15 సెకన్లు
5. మేకలు తోలుకొస్తూ ఆగిపోయిన కుర్రవాడి ముఖం – 20 సెకన్లు
6. చెరువు నీటి మీద విస్తరిస్తున్న వలయాలు – 15 సెకన్లు
7. మళ్లీ ఆ కుర్రవాడి ముఖం – 10 సెకన్లు
8. చిత్రం పేరు – 15 సెకన్లు

కూడి చూడండి. సరిగ్గా 120 సెకన్లు.

ఇందులో 5, 7 ఒకే ముఖం. ఏ భావమూ చూపవద్దని ఆ కుర్రవాడికి గట్టిగా చెప్పాం. అయినా రెండోసారి చూసినప్పుడు అతడు భయపడుతున్నట్టే తోస్తుంది! సుమారు నూరేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఈ ప్రయోగం చేశాడు. ఒక నటుడి ఉలుకూ పలుకూ లేని ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడు. చూసినవారికి మొదట ఆకలి, తరువాత దుఃఖం కనిపించాయట. ముఖం మారలేదు. పక్కన ఉన్న ముక్క మారింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

వెనక్కి తిరిగిన చక్రం

తీరా చక్రాన్ని చిత్రించి చూస్తే వింత జరిగింది. తెర మీద చక్రం ముందు మెల్లగా ముందుకు తిరిగింది, తరువాత ఆగిపోయింది, ఆపైన వెనక్కి తిరగసాగింది! “సార్, ఫోను ఖరాబైంది” అన్నారు పిల్లలు. ఫోను ఖరాబు కాలేదు. లెక్క చూద్దాం.

మా సైకిలు చక్రానికి 36 స్పోకులు. వృత్తంలో 360 డిగ్రీలు. అంటే ప్రతి 10 డిగ్రీలకు ఒక స్పోకు. మా ఫోను సెకనుకు 30 చిత్రాలు తీస్తుంది. ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య చక్రం సరిగ్గా 10 డిగ్రీలు తిరిగితే, ఒక స్పోకు స్థానంలోకి దాని పక్క స్పోకు వస్తుంది. రెండు చిత్రాలూ ఒకేలా ఉంటాయి. చక్రం ఆగినట్టే! అప్పుడు దాని వేగం సెకనుకు 30 × 10 = 300 డిగ్రీలు. అంటే 1.2 సెకన్లకు ఒక చుట్టు. చక్రం ఇంకాస్త నెమ్మదించి 9 డిగ్రీలే తిరిగితే, వెనుక వచ్చే స్పోకు పాత స్థానానికి 1 డిగ్రీ తక్కువలో ఉంటుంది. మన కన్ను దాన్నే పాత స్పోకు అనుకొని, చక్రం వెనక్కి జరిగిందని పొరబడుతుంది. సినిమాల్లో బండి చక్రాలు వెనక్కి తిరగడం మీరు చూసే ఉంటారు. కారణం ఇదే.

ఉపాయం కూడా పిల్లలే చెప్పారు. ఒక స్పోకుకు తెల్ల గుడ్డపీలిక కట్టారు. పీలిక ఒక్కటే కాబట్టి అది ఒక చోటు నుంచి మరో చోటికి ఎలా వెళ్లిందో కన్ను పొరబడదు.

వెలుతురు, శబ్దం

చీకటి చూపించాలంటే చీకట్లో తీయకూడదు! ఫోనులో వెలుతురును పట్టే భాగం చిన్న గోరంత కూడా ఉండదు. చీకట్లో దానికి చాలినంత కాంతి అందక బొమ్మ మీద ఇసుక చల్లినట్టు వస్తుంది. అందుకే పొద్దు గుంకిన తరువాత మిగిలే వెలుతురులో తీశాం. మా దగ్గర అది సుమారు ఇరవై నిమిషాలే పనికి వస్తుంది. రోజుకు రెండు దృశ్యాలకు మించి కుదరలేదు. ప్రణాళిక లేకపోతే ఒక్కటీ కుదిరేది కాదు.

కుర్రవాడి చేతిలో పాత కందిలి పెట్టి, దీపానికి బదులు చిన్న ఎల్‌.ఇ.డి. బల్బు అమర్చాం. కందిలిని ముఖానికి అరమీటరు దూరంలో పట్టినప్పుడు ఉన్న వెలుగు, మీటరు దూరానికి జరిపితే సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. చేయి కొద్దిగా జరిపితే చాలు, ముఖం చీకట్లోకి జారిపోతుంది. దీన్నే విలోమ వర్గ నియమం అంటారు.

ఇక గిలక చప్పుడు. నూనె లేని గిలక ఎందుకు కిర్రుమంటుంది? ఇరుసు సాఫీగా జారదు. పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరిగితే అది చప్పుడై వినిపిస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పనీ ఇదే. ఒకటి సంగీతం, ఒకటి భయం! తెర మీద బావి కనబడకుండా చప్పుడు మాత్రమే వినబడితే, ఆ చేదేవారెవరో అని చూసేవారి మనసు వెదకడం మొదలుపెడుతుంది.

నీటి వలయాల కోసం కట్ట మీద నుంచే రాయి విసిరాం. ఎవరినీ నీటి అంచుకు పోనివ్వలేదు. మంచి దృశ్యం కోసం చెరువులో దిగనక్కరలేదు, ఆలోచిస్తే చాలు.

మేము వదిలేసిన దృశ్యం

ఇప్పుడు నా మాట నిలుపుకుంటాను. పిల్లలు మొదట తెచ్చిన దృశ్యం ఇది: ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు మోటారుసైకిలు మీద వస్తారు. వీధిలో ఆడుకుంటున్న చిన్న పాపను ఎత్తుకుపోతారు. వాళ్లు పాప మేనమామలేనని, అంతా ఆట అని చివరి నిమిషంలో తెలుస్తుంది.

ఉత్కంఠకు లోటు లేదు. కాని నేను ఒక్క ప్రశ్న అడిగాను: “ఈ 2 నిమిషాలు మాత్రమే కత్తిరించి ఎవరైనా ఫోనుల్లో పంపితే?”

2016లో పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ చిన్న చిత్రం తీసింది. మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి వీధిలో బాలుణ్ణి ఎత్తుకుపోతారు. వెంటనే తిరిగి వచ్చి దింపుతారు. పిల్లలను ఎత్తుకుపోవడం ఎంత సులువో చూడండి, జాగ్రత్తగా ఉండండి అన్న హెచ్చరికను చేతుల్లో పట్టుకొని చూపుతారు. మంచి ఉద్దేశంతో తీసిన చిత్రం. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. మిగిలిన ముక్క 2018లో మన దేశంలో ఫోను నుంచి ఫోనుకు పాకింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లకు అదే సాక్ష్యమైంది. ఆ ఏడాది పుకార్లను నమ్మిన గుంపులు ఏ పాపమూ ఎరుగని మనుషులను కొట్టి చంపాయి. మే నెలలో మన హైదరాబాదులో కూడా ఒక ప్రాణం పోయింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఒకే రోజు అయిదుగురు చనిపోయారు. అదే నెలలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టుదిట్టం చేయవలసి వచ్చింది.

తరగతి గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనుక బెంచీ నుంచి ఒకడు లేచి, “నేను చిన్నగున్నప్పుడు మా ఊళ్ల గూడ రాత్రిళ్లు కట్టెలు పట్టుకొని కావలి కాసిన్రు సార్” అన్నాడు.

కులెషోవ్ ప్రయోగం గుర్తుంది కదా! ముక్క పక్కన ముక్క పెడితే అర్థం మారుతుంది. ముక్కను తీసేసినా మారుతుంది. ఉత్కంఠ చిత్రం ప్రారంభం అంటేనే సమాధానం దాచిన ముక్క. ఆ దాచిన సమాధానం ఎప్పటికీ చేరకపోతే, చూసేవారు తమ భయంతో ఆ ఖాళీని పూరించుకుంటారు. చక్రం చూసి మీరు ‘ఇప్పుడే’ అని కనిపెట్టిన ఆ తెలివే, తప్పు ముక్క చూపిస్తే తప్పు తీర్పు కూడా ఇస్తుంది.

అందుకని మేము మూడు నియమాలు రాసుకున్నాం. ఒకటి: నిజమైన వార్తగా పొరబడగల దృశ్యం తీయకూడదు. రెండు: ‘ఇది విద్యార్థుల కథాచిత్రం’ అన్న మాట చివరలో కాదు, మొదటి చిత్రం నుంచి చివరి చిత్రం దాకా తెర మూలన ఉండాలి. ఎక్కడ కత్తిరించినా అది ముక్కతోపాటే పోతుంది. మూడు: చిత్రీకరణకు ముందు చుట్టుపక్కల వారందరికీ చెప్పాలి.

మీరూ చేయండి

మీ మిత్రుడి ముఖాన్ని ఏ భావమూ లేకుండా 5 సెకన్లు చిత్రించండి. దాని తరువాత ఒకసారి అన్నం పళ్లెం, ఒకసారి తెగిన చెప్పు, ఒకసారి మూసిన తలుపు అతికించండి. మూడింటినీ ముగ్గురికి విడివిడిగా చూపి, “వాడు ఏమనుకుంటున్నాడు?” అని అడగండి. జవాబులు రాసుకొని పోల్చండి. ఇకమీదట ఫోనులో ఏదైనా ముక్క వచ్చినప్పుడు, దీనికి ముందు ఏముంది, తరువాత ఏముంది అని అడగడం మీకు అలవాటవుతుంది.

వార్షికోత్సవం నాడు మా చిత్రం వేశాం. చక్రం తెర మీదికి వచ్చేసరికి అంతా నిశ్శబ్దం. ముందు వరుసలో కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు ఒక్కసారిగా అరిచాడు: “ఎవరో ఇప్పుడే పోయిన్రు!”

మా చిత్రంలో ఆ ‘ఇప్పుడే’ అన్న మాట ఎక్కడా లేదు.