రైలు, బస్సు, ఒకే యజమాని

రైలుతో బస్సు పోటీపడుట మేలా, కీడా యను చర్చ బ్రిటిషు ఇండియాలో ముమ్మరముగ సాగిన దినములలో సికింద్రాబాదు తన తీరున సమాధానము చెప్పినది. నిజాము ప్రభుత్వము 1930లో కంపెనీనుండి రైల్వేను కొనెను. 1932లో ఆ రైల్వేకే రోడ్డు రవాణాశాఖను జేర్చి 27 బస్సులను, 166 మంది సిబ్బందిని సమకూర్చెను. రైలు టిక్కెట్టు నమ్మువాడే బస్సు టిక్కెట్టును నమ్మెను. ఇక పోటీ యెవరితో?

బ్రిటిషు ఇండియా 1939 మోటారు వాహనముల చట్టముతో పర్మిట్ల దారి పట్టినది. పర్మిటు పోటీకి కళ్లెము. ఏకస్వామ్యము పోటీనే తొలగించును. తొలగించినవాడు రాబడిలేని పల్లెకును బస్సు నడపవలెను గదా! ఆనాటి శాఖయే నేటి ఆర్టీసీకి మూలము. ఆ బాధ్యతయు దానికే సంక్రమించినది.

2019 నవంబరులో ఆర్టీసీ సమ్మె నడుమ తెలంగాణ మంత్రివర్గము 5,100 రూట్లను ప్రైవేటువారికి విడువ నిశ్చయించెను. లాభసాటి దారులు వారికి పోయినచో, నష్టపు దారుల బరువును మోయు భుజమేది? మాకు తోచినంతవరకు ఈ ప్రశ్నను ముందడిగి పిమ్మట పోటీని పిలువవలసియుండెను. సమ్మె ముగిసినపిదప ఆ తలంపు విరమింపబడినది. డిసెంబరులో టిక్కెట్టు వెల కిలోమీటరునకు 20 పైసలు పెరిగినది.