పొగమంచు లేని గోథిక్: విక్టోరియన్ కాలపు రాయలసీమలో చీకటి ప్రేమకథకు గల రచనా సామగ్రి

వ్యాససంగ్రహం

ఇంగ్లీషు గోథిక్ ప్రేమకథ విక్టోరియా రాణి పాలనాకాలంలో (1837–1901) బలమైన నవలారూపంగా స్థిరపడింది. అదే కాలంలో కడప, కర్నూలు ప్రాంతాలు పాలెగాళ్ల పతనాన్ని, ధాత కరువును చవిచూశాయి. ఆ కాలాన్ని నేపథ్యంగా తీసుకొని తెలుగులో గోథిక్ ప్రేమకథ రాయదలచినవారికి ఎర్రగుంట్ల పరిసరాల చరిత్ర, ఇళ్ల నిర్మాణం, నమ్మకాలు ఏ మేరకు ఉపకరిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గోథిక్ నవల, శ్రీరంగరాజ చరిత్ర, పాలెగాళ్లు, ధాత కరువు, పాతర, పేరంటాలు, కైఫియత్తులు.

ప్రవేశిక

1847 ఫిబ్రవరి 22న అప్పటి కడప జిల్లాలోని కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని బహిరంగంగా ఉరితీశారు. ఆయన తలను కోట బురుజుపై 1877 వరకు వేలాడదీసి ఉంచినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అదే 1847లో లండన్ నుండి రెండు నవలలు వెలువడ్డాయి. అక్టోబరులో షార్లెట్ బ్రాంటీ రచించిన ‘జేన్ అయిర్’, డిసెంబరులో ఆమె చెల్లెలు ఎమిలీ రచించిన ‘వుదరింగ్ హైట్స్’ అచ్చయ్యాయి. చీకటి ప్రేమకథ అనగానే నేటికీ మొదట గుర్తుకువచ్చే నవలలు ఈ రెండే. తెలుగు రచయితలు ఈ తరహా కథకు పూనుకున్నప్పుడు యార్క్‌షైర్ బంజరు నేలలను, పొగమంచును, గడియారపు గంటలను అరువు తెచ్చుకుంటారు. బురుజు మీద ముప్పై ఏళ్లు తల వేలాడిన ఊరు ఇక్కడే ఉన్న సంగతి తరచుగా మరపున పడుతుంది.

గోథిక్ లక్షణం: ఇల్లు, వారసత్వం, దాచిన దస్తావేజు

హొరేస్ వాల్‌పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 డిసెంబరులో వెలువడింది. తొలి ముద్రణలో వాల్‌పోల్ తన పేరు చెప్పుకోలేదు. ఒక పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని నమ్మించాడు. ఆ కథలో పెద్ద శిరస్త్రాణం ఆకాశం నుండి పడటం వంటి అద్భుతాలున్నా, కథను నడిపించే ప్రశ్న ఒక్కటే: ఈ కోట న్యాయంగా ఎవరిది? క్లారా రీవ్, ఆన్ రాడ్‌క్లిఫ్ మొదలుకొని బ్రాంటీ సోదరీమణుల వరకు ఆ ప్రశ్నే రూపం మార్చుకుంటూ వచ్చింది. దయ్యం గోథిక్‌కు అనివార్యం కాదు. రాడ్‌క్లిఫ్ తన దయ్యాలను చాలావరకు కథ చివర హేతుబద్ధంగా వివరించి పంపించివేసింది. అనివార్యమైనది ఇల్లు, అన్యాయంగా సంక్రమించి, పాత తప్పును గోడల్లో దాచుకున్న ఇల్లు. ఆ ఇంట్లోకి కొత్తగా అడుగుపెట్టిన స్త్రీకి అందులో కొంత భాగం చూడరానిదిగా ఉంటుంది. ప్రేమ ఆమెను లోపలికి తెస్తుంది, భయం ఆమెను ఆ మూసిన తలుపు దగ్గరకు తీసుకువెళుతుంది. ఈ రెండు కదలికలూ ఒకే వ్యక్తి చుట్టూ తిరిగితేనే అది గోథిక్ ప్రేమకథ. లేకుంటే ప్రేమకథకు అతికించిన దయ్యం కథ అవుతుంది.

1872లో తెలుగు కథ ఎందుకు అటు వెళ్లలేదు?

తెలుగులో తొలి నవలగా పలువురు పరిశోధకులు పరిగణించే ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లో అచ్చయింది. దీనికి ‘సోనాబాయి పరిణయము’ అనే మరో పేరు ఉంది. రచయిత నరహరి గోపాలకృష్ణమ శెట్టి కర్నూలు ప్రాంతంలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన అధికారి. బెంగాలీల ఆచార వ్యవహారాలను చిత్రించే కథకు బహుమతి ఇస్తామని లార్డ్ మేయో చేయించిన ప్రకటన ఈ రచనకు ప్రేరణ అని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. రాజకుమారుడికీ లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయికీ నడుమ ప్రేమ, దానికి అడ్డుగా కులం, చివరకు ఆమె జన్మరహస్యం బయటపడటం ఇందులోని కథాక్రమం. దాచిన జన్మ అనేది గోథిక్ నవలకు ఎంతో ఇష్టమైన యంత్రాంగం. ‘ఒట్రాంటో’లోనూ రైతుబిడ్డగా కనిపించిన యువకుడే అసలు వారసుడు. అయినా తెలుగు కథలో ఆ రహస్యం భయాన్ని పుట్టించదు, చిక్కుముడిని విప్పుతుంది. ఆచారాలను చూపించే కథ కావాలన్న పిలుపుకు స్పందించిన రచనలో చూపు బయటి సమాజం మీద నిలవడం సహజం.

ఆరేళ్ల తరువాత 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ వచ్చింది. అందులో జ్యోతిషం, మంత్రతంత్రాలు, బంగారం చేస్తానని నమ్మించిన బైరాగి మోసం వరుసగా బట్టబయలవుతాయి. రాడ్‌క్లిఫ్ కూడా అద్భుతాన్ని చివరకు హేతువుతో విప్పినప్పటికీ, విప్పే లోపల పాఠకుడిని మూడు సంపుటాలు వణికించింది. కందుకూరి ఆ వణుకుకు చోటు ఇవ్వలేదు. సంస్కరణ దృష్టి గల రచయితకు భయం ఒక సామాజిక వ్యాధి. దాన్ని రసంగా పండించడం ఆయన ఉద్దేశానికే విరుద్ధం. తొలితరం తెలుగు నవలలో గోథిక్ వేళ్లూనకపోవడానికి ఇది ముఖ్య కారణంగా తోస్తుంది. తరువాత చేతబడి నవలలు విస్తారంగా వచ్చినా, అవి ఇంటి వారసత్వపు ప్రశ్నను అరుదుగా పట్టించుకున్నాయి. ‘వేయిపడగలు’లోని కూలిపోతున్న కోట ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది కానీ, విశ్వనాథకు ఆ పతనం ధర్మానికి సంబంధించిన విషాదం, భీతికి సంబంధించినది కాదు.

ఎర్రగుంట్ల పరిసరాలు: కోట, రైలు, మధ్యాహ్నం

ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో రేనాటి చోళుడు ధనంజయుని శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా భావించే ఈ శాసనం ఇంతవరకు తెలిసిన తెలుగు శాసనాల్లో మొదటిది. అక్కడికి వాయవ్యంగా, జమ్మలమడుగు దాటాక, పెన్నానది లోతుగా కోసిన గండి అంచున గండికోట నిలిచి ఉంది. పెమ్మసాని నాయకుల ఈ కోటను 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాడు. మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం, చెరసాల ఒకే ప్రాకారంలో ఉన్నాయి. 1800లో దత్తమండలాలు కంపెనీకి దక్కాక థామస్ మన్రో పాలెగాళ్ల అధికారాన్ని తొలగించాడు. కొందరికి పింఛన్లు మిగిలాయి. నొస్సం జాగీరు కుటుంబానికి రావలసిన పింఛను వాటాను కంపెనీ ప్రభుత్వం నిలిపివేయడం నరసింహారెడ్డి 1846 తిరుగుబాటుకు ఒక కారణం. అంటే గోథిక్‌కు కావలసిన వారసత్వపు గాయం ఇక్కడ ఊహాకల్పన కాదు, రెవిన్యూ కాగితాల్లో నమోదైన వ్యవహారం. కోట ఉండి అధికారం పోయిన కుటుంబం, బిరుదు మిగిలి ఆదాయం ఆగిన కొడుకు, వీరింటికి కోడలిగా వచ్చిన యువతి: కథకు ఇంతకంటే ఎక్కువ పాత్రలు మొదట్లో అవసరం లేదు.

ఆమె ఎలా వస్తుంది? మద్రాసు నుండి వచ్చే రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. ఎర్రగుంట్ల ఆ మార్గం మీద ఉంది. ‘డ్రాక్యులా’ (1897) మొదటి పుటలోనే రైళ్ల ఆలస్యం గురించిన ఫిర్యాదు ఉంటుంది. స్టేషనులో దిగి ఎద్దులబండిలో కోట వైపు సాగే ప్రయాణం అదే పనిని ఇక్కడ సహజంగా చేస్తుంది.

వెలుతురు విషయంలో మాత్రం ఇంగ్లీషు నమూనాను పూర్తిగా వదులుకోవాలి. ఎర్రమలల దిగువన వేసవిలో చీకటి ఊరట, భయపెట్టేది వెలుగు. దయ్యాలు తిరిగే వేళల్లో అర్ధరాత్రితో పాటు మిట్టమధ్యాహ్నాన్ని కూడా తెలుగు జానపదుల నమ్మకం చేర్చింది. నాపబండలు కాలే వేళ, వీధిలో మనుష్యులు లేని వేళ, మిద్దె లోపల మాత్రం చీకటి. మట్టిమిద్దె పైకప్పులో గవాచి నుండి పడే ఒకే ఒక్క వెలుగుపట్టీ పడసాలలో గంటగంటకూ జరుగుతుంటుంది. గడియారం లేని ఇంట్లో అదే గడియారం. ఈ వివరం చేతిలో ఉన్న రచయితకు కొవ్వొత్తితో పనిలేదు.

పాతర: ఇంటి కింద రహస్యం

ఇంగ్లీషు గోథిక్‌లో మూసిన గది మేడపైన ఉంటుంది. రాయలసీమ ఇంట్లో అది కాళ్ల కింద ఉంటుంది. జొన్నలను నేలలో తవ్విన పాతరలో పోసి, మూతిని బండతో మూసి, పైన మట్టి కప్పడం ఈ ప్రాంతపు పాత నిల్వ పద్ధతి. తడి తగలకపోతే గింజ ఏళ్ల తరబడి నిలుస్తుంది. మూసిన పాతరలో గింజలు శ్వాసించి ప్రాణవాయువు తగ్గిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. మూత తీసిన వెంటనే దిగిన మనిషి కేక వేయడానికి కూడా వ్యవధి లేకుండా కూలిపోవచ్చు. అందువల్ల గాలి ఆడనిచ్చి, దీపాన్ని దించి చూసి, అది ఆరకపోతేనే దిగడం జాగ్రత్త. దీపం తనంతట తాను ఆరిపోవడం గోథిక్ నవలల్లో అరిగిపోయిన ఉపాయం. ఇక్కడ దానికి భౌతికమైన కారణం ఉంది, ఆ కారణం మనిషిని చంపగలదు. రాడ్‌క్లిఫ్ పద్ధతిలో ‘వివరణ’ ఇచ్చినా భయం తగ్గకపోవడం ఈ వస్తువు ప్రత్యేకత.

ఆ ఇంట్లో పాతర ఉందని బయటివారికి తెలియదు. సంవత్సరం ధాత, అంటే 1876–77. కథ అక్కడ బరువెక్కుతుంది.

ధాత కరువు, లిట్టన్ కుటుంబం

1876–78 కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా ప్రజలు మరణించినట్లు అంచనా. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి పైకం స్థాయికి తగ్గించాడు. మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దానిని వ్యతిరేకించాడు. టెంపుల్‌ను పంపిన వైస్రాయి లార్డ్ లిట్టన్. ఈయన తండ్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ ‘జనోని’ (1842), ‘ఎ స్ట్రేంజ్ స్టోరీ’ (1862) వంటి అతీత శక్తుల నవలలతో విక్టోరియన్ పాఠకులను ఉర్రూతలూగించిన రచయిత. తండ్రి భయాన్ని వినోదంగా అమ్మాడు. కొడుకు పాలనలో కర్నూలు రోడ్ల మీద అస్థిపంజరాలు నడిచాయి. ఈ పోలిక అలంకారం కోసం కాదు. గోథిక్ కల్పనకూ వలస వాస్తవానికీ గల దూరం ఒక్క కుటుంబంలోనే కనబడుతోంది.

ఇక్కడ రచయిత ఎదుర్కొనే చిక్కు సున్నితమైనది. కరువు చావులను వణుకు పుట్టించే నేపథ్యంగా వాడుకోవడం తప్పు కాదా? తప్పే, చనిపోయినవారు కిటికీ అవతలి దృశ్యంగా మిగిలితే. ‘జేన్ అయిర్’లో బెర్తా మేసన్‌కు జరిగింది అదే. కరీబియన్ దీవుల నుండి వచ్చిన ఆమె కట్నం రాచెస్టర్‌కు దక్కింది. ఆమెకు మాత్రం మాట దక్కలేదు. 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ రాసి ఆ మాటను తిరిగి ఇవ్వవలసి వచ్చింది. రాయలసీమ కథలో మూసిన గదిలోని వ్యక్తి విదేశీయురాలు కాదు. తలుపు బయట గింజ కోసం నిలబడ్డ ఊరంతా ఆ స్థానంలో ఉంది. పాతర సంగతి తెలిసిన కోడలు భర్తను ప్రేమిస్తూనే మూత తీయాలా వద్దా అనే నిర్ణయం చేయవలసి ఉంటుంది. ప్రేమ, భయం, అన్నం ఒకే చోట ముడిపడినప్పుడు కరువు నేపథ్యంగా ఉండిపోదు, కథాంశమవుతుంది.

భాష, ఆధారాలు, మృతస్త్రీ

వాల్‌పోల్ కల్పించుకున్న ‘దొరికిన వ్రాతప్రతి’కి కడపలో నిజమైన సమానార్థకం ఉంది. కాలిన్ మెకంజీ సిబ్బంది గ్రామాల దండకవిలెల ఆధారంగా సేకరించిన కైఫియత్తులు కోటల, వంశాల, శాపాల, నిధుల కథలతో నిండి ఉన్నాయి. కైఫియత్తు గొంతులో మొదలై, కచేరీ అర్జీగా మారి, చివరకు కోడలి ఉత్తరాలుగా సాగే నవల ‘డ్రాక్యులా’ పత్రాల పద్ధతికి దీటుగా నిలుస్తుంది. కాలానికి తగిన పదాల కోసం బ్రౌన్ నిఘంటువు (1852), ఊళ్ల పేర్ల కోసం కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’, పాలనా వివరాల కోసం గ్రిబుల్ కడప మాన్యువల్ (1875) ఉపకరిస్తాయి. కర్నూలు జిల్లా మాన్యువల్ (1886) కూర్చినది మరెవరో కాదు, సోనాబాయి కథ రాసిన గోపాలకృష్ణమ శెట్టే. ప్రేమకథను, జిల్లా స్థితిగతులను ఒకే కలం వేర్వేరు గ్రంథాల్లో రాసింది; వాటిని కలిపే పని మిగిలిపోయింది. సంభాషణలో జేజి, అబ్బ, అవ్వ వంటి సీమ పిలుపులు నిలుపుకొని, కథనాన్ని ఆనాటి గ్రాంథికానికి దగ్గరగా ఉంచడం ఒక మార్గం. పూర్తి గ్రాంథికం నేటి పాఠకుడికి భయానికి బదులు దూరాన్ని మిగిల్చే ప్రమాదం ఉంది.

చివరిగా తిరిగివచ్చే మృతస్త్రీ. ఇంగ్లీషు కథలో ఆమె ఇంటిని వేధిస్తుంది. తెలుగు పల్లెలో అకాలమరణం చెందిన ఇల్లాలు పేరంటాలవుతుంది. ఆమెకు గుడి కడతారు, పసుపు కుంకుమలు పెడతారు, ఆమె పేరు పిల్లలకు పెడతారు. పూజ భయాన్ని మచ్చిక చేస్తుంది, దానితోపాటు ఆమె ఎలా చనిపోయిందన్న ప్రశ్నను కూడా మూసివేస్తుంది. కోటలో అడుగుపెట్టిన రెండో భార్యకు మొదటి రోజే దేవుని గదిలో మొదటి భార్య విగ్రహం చూపించి మొక్కమంటారు. ఆమె మొక్కుతుంది. పాతర మూత తీసిన రోజున, దీపం ఆరిపోయినప్పుడు, ఆ పేరంటాలు ఏ ఏట, ఏ నెలలో, ఏ గదిలో చనిపోయిందో జేజిని అడుగుతుంది.